చెయ్యి అందే దూరంలో

అష్టావధానం చూసినవాళ్ళకి ఆ వేదిక మీద జరిగే పని ఎంత కష్టమో తెలుసు. ఒక పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, ఇంకొకరు దత్తపది ఇస్తారు, నిషిద్ధాక్షరి పట్టినవారు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతుంటారు. మధ్యమధ్య మోగే గంటలు లెక్కపెట్టుకోవాలి. ఇవి చాలవన్నట్టు అప్రస్తుత ప్రసంగం చేసే పెద్దమనిషి పక్కనే కూర్చుని, సరిగ్గా పాదం కుదురుతున్న సమయానికి వంకాయ కూర గురించో అత్తగారి గురించో అడిగి దృష్టి మళ్ళిస్తారు. అవధాని ఆయనకి జవాబు చెప్పి, వదిలిన పాదం దగ్గరికే తిరిగి వచ్చి, చివర్లో పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెప్పాలి. శ్రద్ధ అనే ఒక్క మాటతో మనం సరిపెట్టుకునేదానిలో ఎన్ని పనులున్నాయో ఈ కళ విడదీసి చూపిస్తుంది. అక్కర్లేనిదాన్ని పక్కకి నెట్టడం ఒకటి, ఆగిన చోటికే తిరిగి రావడం ఇంకొకటి. సగంలో ఉన్నదాన్ని మనసులో నిలుపుకోవాలి, నోటిదాకా వచ్చినదాన్ని సమయం వచ్చేదాకా ఆపుకోవాలి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకి ఈ పనులే బరువు. అప్రస్తుత ప్రసంగి వాళ్ళ చెవి దగ్గర రోజంతా కూర్చునే ఉంటాడు. ఆ స్థితికి మనం అవధాన లోపం అని పేరు పెట్టుకున్నాం గానీ ఆ పేరు సగమే చెబుతుంది. శ్రద్ధ వాళ్ళ దగ్గర ఉంది, దాని పగ్గాలే చేతికి చిక్కవు.

ఒక సాయంత్రాన్ని దగ్గరగా చూద్దాం. ఇలాంటిది మన ఊళ్ళలో ఏ ఇంట్లోనైనా ఉంటుంది. వంటింట్లో కుక్కర్ రెండో విజిల్ వేసింది. హాల్లో మూడో తరగతి పిల్లవాడు తెలుగు నోట్సు తెరిచి అరగంట దాటింది. పెన్సిల్ మూడోసారి చెక్కాడు. షార్ప్‌నర్‌లోంచి పొట్టు విసనకర్రలా విచ్చుకుంటూ వస్తే దాన్ని కాసేపు చూశాడు. "రాస్తున్నావా?" అని లోపల్నుంచి కేక. "ఆఁ" అని జవాబు. అబద్ధమాడాలని అనలేదు, ఆ క్షణంలో రాస్తున్నట్టే ఉంది వాడికి. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూస్తే నోట్సులో రెండు లైన్లున్నాయి. 'చెట్టు' కాస్తా 'చెటు' అయింది, 'అమ్మమ్మ'కి ఒక ఒత్తు ఎగిరిపోయింది. "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?" అంటుంది ఆవిడ. ఆ మాటలో కోపం కంటే అలసట ఎక్కువ. అయితే అదే పిల్లవాణ్ణి 'చెట్టు' ఎలా రాయాలని నోటితో అడగండి, ట కింద ట ఒత్తు అని తడుముకోకుండా చెబుతాడు. చెప్పడంలో లోటేమీ జరగలేదన్నమాట. లోటు ఎక్కడుందో తెలుసుకుంటే తప్ప వాడికి తోడు ఎలా ఉండాలో మనకి తెలియదు.

1902లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఇలాంటి పిల్లల గురించి వివరంగా మాట్లాడాడు. తెలివికి తక్కువ లేని పిల్లలు తమను తాము ఎందుకు ఆపుకోలేకపోతున్నారన్నది ఆయన ప్రశ్న. దానికి ఆయన పెట్టిన పేరు నైతిక నియంత్రణలో లోపం. నూటికి పైగా ఏళ్ళు గడిచినా ఆ నైతిక వాసన మన ఇళ్ళలో అలాగే ఉంది. మొండి, బద్ధకం, లెక్కలేనితనం, పెద్దలంటే భయం లేకపోవడం అని రకరకాలుగా అంటాం. ఈ రుగ్మత మీద దశాబ్దాలు పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త రస్సెల్ బార్క్‌లీ దీన్ని వేరేగా చూశాడు. ఏం చేయాలో తెలియకపోవడం ఇక్కడ సమస్య కాదని, తెలిసినదాన్ని తెలిసిన సమయానికి చేయలేకపోవడమే సమస్యని ఆయన వాదన. అది నిజమైతే మరింత చెప్పడం, గట్టిగా చెప్పడం, మర్నాడు గుర్తుచేసి చెప్పడం ఏవీ అక్కరకి రావు. సాయం ఆ పని జరిగే చోట, జరిగే నిమిషంలో, చెయ్యి అందే దూరంలో ఉండాలి. అంత దగ్గరికి రానివ్వాలంటే ఆ మనిషి అంటే పిల్లవాడికి ఇష్టం ఉండాలి. ప్రవర్తన బాగుపడ్డాక ఇచ్చే బహుమానంగా ప్రేమను దాచిపెడితే బాగుపడడానికి కావలసిన పనిముట్టునే దాచిపెట్టినట్టు. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాటకి ఆధారాలు వెదకడమే.

మొదట శరీరం సంగతి. కవల పిల్లల మీద అనేక దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే ఏడీహెచ్‌డీలో వారసత్వం పాలు సుమారు 74 శాతం అని తేలింది. 2007లో ఫిలిప్ షా బృందం ఈ రుగ్మత ఉన్న 223 మంది పిల్లల మెదడు స్కానింగులను, లేని 223 మంది పిల్లల వాటితో పోల్చింది. మెదడు పైపొర మందం గరిష్ఠానికి చేరే వయసు మామూలు పిల్లల్లో సగటున ఏడున్నరేళ్ళు, వీళ్ళలో పదిన్నరేళ్ళు. ఎదుగుదల క్రమం ఒకటే, గడియారం వెనకబడింది. మూడేళ్ళ తేడా అంటే పదేళ్ళవాడు ప్రతి విషయంలోనూ ఏడేళ్ళవాడని అర్థం కాదు, స్కానింగుకీ నడవడికకీ అంత నేరుగా ముడి వేయకూడదు. కానీ ముందుచూపుకీ నిగ్రహానికీ పనికొచ్చే ముందరి భాగాల్లోనే ఆలస్యం ఎక్కువగా కనిపించింది. దాన్ని బట్టి తోటివాళ్ళతో పోల్చి "వాడు చేయగలిగినప్పుడు నువ్వెందుకు చేయలేవు" అని అడగడం ఎంత అన్యాయమో గ్రహించవచ్చు.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట. తెలుగు వాక్యం అసలు క్రియను చివరికి అట్టిపెట్టుకుంటుంది. "బ్యాగు లోపల పెట్టి, బూట్లు విప్పి, కాళ్ళు కడుక్కుని, టిఫిన్ బాక్సు సింకులో వేసి, డైరీ తీసుకురా" అని ఒక్క గుక్కలో అనేస్తాం. మనకది ఒక వాక్యం, పిల్లవాడికి అయిదు పనులు. మొదటి నాలుగూ మనసులో వరసగా పేర్చుకుంటే తప్ప అయిదోది చేతికి రాదు. కాసేపు మనసులో పట్టి ఉంచుకునే ఆ ధారణ శక్తే ఏడీహెచ్‌డీ ఉన్న చాలామంది పిల్లల్లో తక్కువ. బూట్లు విప్పాక వాడు మెట్ల మీద చీమల బారు చూస్తూ కూర్చుంటే అది మన మాట మీద లెక్కలేనితనం కాదు, మిగతా మూడు పనులూ అప్పటికే జారిపోయాయి. దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, కళ్ళలోకి చూసి "ముందు బూట్లు విప్పు నాన్నా" అని, అది అయ్యాక రెండోది చెబితే పని జరుగుతుంది. అయిదు పనులూ బొమ్మలుగా గీసి తలుపు వెనక అంటిస్తే మరీ మంచిది. మనసు మోయలేని బరువు గోడ మోస్తుంది.

"అదంతా సరే, సెల్‌ఫోన్ చేతికిస్తే మూడు గంటలు కదలడే, మరి అప్పుడు శ్రద్ధ ఎక్కణ్ణుంచి వచ్చింది?" ఈ ప్రశ్న ప్రతి తండ్రీ అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. ఫోనులో ఆట క్షణక్షణానికీ ఏదో ఒకటి ఇస్తుంది. పదమూడో ఎక్కం ఇచ్చే ఫలం వారం తర్వాత పరీక్షలో ఉంటుంది. 2009లో నోరా వోల్కోవ్ బృందం మందులు వాడని 53 మంది ఏడీహెచ్‌డీ పెద్దవాళ్ళ మెదళ్ళను పరీక్షించి, ప్రతిఫలాన్ని గుర్తించే మార్గాల్లో డోపమైన్‌కి సంబంధించిన సూచికలు తక్కువగా ఉన్నాయని చూపింది. అంతకుముందే 1992లో ఎడ్మండ్ సొనుగా-బార్క్ ఇంకా సున్నితమైన సంగతి బయటపెట్టాడు. ఇప్పుడే చిన్న బహుమతి కావాలా, ఆగితే పెద్దది కావాలా అంటే అతిచురుకు పిల్లలు చిన్నదాన్నే ఎంచుకున్నారు. అయితే చిన్నది తీసుకున్నా మొత్తం ఎదురుచూపు తగ్గదని ఏర్పాటు మార్చినప్పుడు మిగతా పిల్లల్లాగే ఆగి పెద్దది తీసుకున్నారు. వాళ్ళకి ఆగడం చేతకాక కాదు, ఖాళీగా ఎదురుచూడడం దుర్భరమై అలా చేస్తున్నారన్నమాట. కాబట్టి "ఏడాదంతా బాగా చదివితే సైకిల్ కొనిస్తా" అన్న మాట వాళ్ళని కదిలించదు. నాలుగు లెక్కలు కాగానే దగ్గరుండి "భలే, నాలుగూ అయ్యాయి" అన్న మాట కదిలిస్తుంది. ఇది లంచం కదా అని సందేహించేవాళ్ళున్నారు. చూపు ఆననివాడికి నల్లబల్ల దగ్గర చోటివ్వడాన్ని లంచం అనం. ఫలితం దూరంగా ఉంటే కనబడని మనసుకి దాన్ని దగ్గరికి జరపడం కూడా అలాంటిదే.

కదలిక విషయంలోనూ మన అంచనా తలకిందులైంది. కుదురుగా కూర్చుంటేనే చదువు ఎక్కుతుందని నమ్ముతాం. 2015లో సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధకులు 8 నుంచి 12 ఏళ్ళ మగపిల్లలకి ధారణ పరీక్ష పెట్టి వాళ్ళ కదలికలను గమనించారు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు కాళ్ళూపుతూ, కుర్చీలో తిరుగుతూ ఉన్నప్పుడే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. మిగతా పిల్లల్లో అందుకు విరుద్ధంగా జరిగింది. చిన్న అధ్యయనమే అయినా నిలబడి ఎక్కాలు చెప్పే పిల్లని కూర్చోబెట్టే ముందు ఒకసారి ఆలోచించడానికి అది చాలు.

పెంపకమే బాగాలేదనే నింద ఎక్కువగా తల్లి మీద పడుతుంది. అత్తగారు, ఆడపడుచు, పక్కింటివాళ్ళు అందరూ ఆ మాట అంటారు. దీనికి విజ్ఞానం ఇచ్చిన జవాబు చాలా స్పష్టమైనది. 1979లో బార్క్‌లీ, చార్ల్స్ కనింగ్‌హామ్ ఒక ప్రయోగం చేశారు. అతిచురుకు పిల్లలకి కొన్ని రోజులు మిథైల్‌ఫెనిడేట్ మందు, కొన్ని రోజులు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, తల్లీబిడ్డలు కలిసి ఉన్నప్పుడు గమనించారు. పిల్లవాడు మందు మీద ఉన్నప్పుడు మాట వినడం పెరిగింది. దాంతోపాటు తల్లి ఆజ్ఞలూ విసుగూ తగ్గాయి. తల్లికి ఎవరూ ఏమీ నేర్పలేదు. ఆవిడ గద్దింపు చాలావరకు పిల్లవాడి ప్రవర్తనకి జవాబుగా వస్తున్నదే తప్ప దానికి మూలం కాదు. ఈ సంగతి చదివి ఒక్క తల్లైనా రాత్రి కాస్త నిద్రపోతే ఈ పుస్తకం రాసినందుకు ఫలితం దక్కినట్టే.

అలాగని మన ప్రవర్తనకి పాత్రే లేదని కాదు. మూలం ఎక్కడున్నా వలయం మాత్రం ఇద్దరిదీ. గెరాల్డ్ ప్యాటర్సన్ అనే పరిశోధకుడు ఆరెగన్ రాష్ట్రంలో కుటుంబాలను ఏళ్ళ తరబడి గమనించి ఆ వలయాన్ని వర్ణించాడు. పెద్దలు అరుస్తారు, పిల్లవాడు ఎదురు తిరుగుతాడు, పెద్దలు ఇంకా గట్టిగా అరుస్తారు, వాడు ఇంకా మొండికేస్తాడు, చివరికి ఎవరో ఒకరు ఓడిపోయి ఊరుకుంటారు. ఊరుకున్న ప్రతిసారీ అవతలివాళ్ళకి గట్టిగా అరిస్తే పని జరుగుతుందన్న పాఠం అందుతుంది. ఏడీహెచ్‌డీతో పుట్టినవాడు ఎదురుతిరిగేవాడిగా, దౌర్జన్యం చేసేవాడిగా తయారయ్యేది చాలాసార్లు ఈ దారిలోనే. ఇందులో మన నమ్మకాల వాటా ఎంతో తెలియడానికి 1994లో హూవర్, మిలిచ్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం చూడాలి. చక్కెర తింటే తమ పిల్లలు రెచ్చిపోతారని నమ్మే తల్లులను పిలిచి, అందరి పిల్లలకీ చక్కెర లేని తీపి పానీయమే ఇచ్చారు. సగం మంది తల్లులకి మాత్రం బాగా చక్కెర వేశామని చెప్పారు. ఆ తల్లులకి తమ పిల్లలు ఎక్కువ అల్లరి చేస్తున్నట్టు కనిపించారు. వాళ్ళు పిల్లలకి మరింత దగ్గరగా కూర్చున్నారు, ఎక్కువసార్లు తప్పుపట్టారు, కళ్ళు తిప్పకుండా కనిపెట్టారు. పక్కన ఉండడం, కాపలా కాయడం పైకి ఒకేలా ఉంటాయని ఈ ప్రయోగం హెచ్చరిస్తోంది. పిల్లలకి ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

"మా నాన్న బెల్టు తీసేవాడు, మేం బాగుపడలేదా?" అనే పెద్దలతో వాదించడం కష్టం, ఎందుకంటే వాళ్ళు నిజంగానే బాగుపడ్డారు. కానీ ఆ మాట అనడానికి మిగిలింది బాగుపడ్డవాళ్ళే. ఎనిమిదిలో బడి మానేసి లారీ ఎక్కినవాడిని ఎవరూ అడగరు. 2016లో ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 1,60,000 మందికి పైగా పిల్లల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూశారు. దెబ్బలు తిన్న పిల్లల్లో దూకుడు, మనోవేదన, పెద్దలతో దూరం ఎక్కువగా కనిపించాయి. సంబంధం కనిపించినంత మాత్రాన కారణం అదేనని తేలిపోదు, కష్టమైన పిల్లలకే దెబ్బలు ఎక్కువ పడతాయన్నదీ నిజమే. దెబ్బల వల్ల పిల్లల నడత మెరుగైందని మాత్రం ఆ లెక్కల్లో ఎక్కడా కనబడలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దెబ్బలనీ మానసిక వేధింపునీ నిషేధించింది. గోడకుర్చీ వేయించడం, అందరి ముందూ "వీడింతే" అనడం ఆ రెంటి కిందకే వస్తాయి.

మందుల సంగతి దాటవేయకూడదు. అమెరికాలో 7 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 579 మందితో జరిపి, 1999లో ఫలితాలు ప్రకటించిన ఎమ్‌టీఏ అధ్యయనంలో, 14 నెలలకి అసలు లక్షణాలు తగ్గించడంలో జాగ్రత్తగా వాడిన మందు ప్రవర్తనా శిక్షణ కంటే మెరుగ్గా పనిచేసింది. మూడేళ్ళు గడిచేసరికి మందు అందిన పిల్లలకీ శిక్షణ అందిన పిల్లలకీ మధ్య తేడాలు చెరిగిపోయాయి. మందు అవసరమని వైద్యులు చెప్పిన పిల్లవాడికి భయంతో మందు మాన్పించడం తప్పు, మందు ఇచ్చేశాం కదా అని మిగతాదంతా మానేయడమూ తప్పే. అదే అధ్యయనంలో నుంచి 2000లో స్టీఫెన్ హిన్షా బృందం తీసిన ఒక లెక్క నా వాదనకి ఆయువుపట్టు. మందు, శిక్షణ రెండూ అందిన కుటుంబాల్లో, ఇంట్లో కఠినమైన, పొంతన లేని క్రమశిక్షణ బాగా తగ్గిన చోట, పిల్లల బడి అల్లరి తోటి పిల్లల స్థాయికి దిగింది. ఇంట్లో గొంతు తగ్గితే బడిలో, వేరే పెద్దల కళ్ళ ముందు, ఫలితం కనబడింది.

ఈ వాదనకి వ్యతిరేకంగా నిలిచే గట్టి ఆధారం కూడా చెప్పాలి. తల్లిదండ్రులకి ఇచ్చే శిక్షణల మీద జరిగిన పరీక్షలను సొనుగా-బార్క్, డేవిడ్ డేలీ తదితరులు 2013, 2014లలో కలిపి చూశారు. శిక్షణలో పాల్గొన్న తల్లిదండ్రులే మార్కులేసినప్పుడు ఏడీహెచ్‌డీ లక్షణాలు తగ్గినట్టు కనిపించింది. ఎవరికి శిక్షణ అందిందో తెలియనివాళ్ళు అంచనా వేసినప్పుడు ఆ మెరుగుదల దాదాపు మాయమైంది. అంటే ప్రేమగా ఉంటే ఏడీహెచ్‌డీ పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అయితే ఆ తెలియనివాళ్ళ అంచనాల్లోనూ రెండు నిలిచాయి. పెద్దల తీరు మారింది, పిల్లల్లో ఎదురుతిరగడం తగ్గింది. అప్రస్తుత ప్రసంగి చెవి దగ్గరే ఉంటాడు, ఇంట్లో యుద్ధం ఆగుతుంది. ఈ పిల్లలు పెద్దయ్యాక పడే బాధల్లో చాలా భాగం ఆ యుద్ధంలో తగిలిన దెబ్బలే కాబట్టి నాకది చిన్న ఫలితంగా కనబడడం లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. వారసత్వం అంత ఎక్కువ కాబట్టి తల్లికో తండ్రికో కూడా ఇదే స్వభావం ఉండే అవకాశం బాగా ఉంది. తల్లికి ఏడీహెచ్‌డీ లక్షణాలు ఎక్కువగా ఉన్న చోట ఈ శిక్షణ అంతగా పనిచేయలేదని 2002లో సొనుగా-బార్క్ బృందమే చూపింది. తాళాలు ఎక్కడ పెట్టానో రోజూ వెతుక్కునే తండ్రి కొడుకు డైరీ మరిచాడని మండిపడే ముందు ఒక్క క్షణం ఆగితే, తనకి అంత బాగా తెలిసిన కష్టాన్నే ఎదురుగా చూస్తున్నానని అర్థమవుతుంది.

ఇదంతా నిజంగా ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల సంగతి. కదిలే ప్రతి పిల్లకీ ఆ పేరు పెట్టడం ప్రమాదం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 9 లక్షలకు పైగా పిల్లల వివరాలు చూస్తే, తరగతిలో అందరికంటే చిన్నవాళ్ళయిన డిసెంబరులో పుట్టిన మగపిల్లలకి, జనవరిలో పుట్టినవాళ్ళకంటే ఈ నిర్ధారణ 30 శాతం ఎక్కువగా జరిగిందని 2012లో తేలింది. వయసుకి తగ్గ చిన్నతనాన్ని రోగమనుకున్నారన్నమాట. అందుకే లక్షణాలు పన్నెండేళ్ళలోపు మొదలై, ఇంట్లోనూ బడిలోనూ కనబడి, బతుకుని అడ్డుకుంటేనే వైద్యులు నిర్ధారించాలి. దీనికి అవతలి పక్క పొరపాటు ఆడపిల్లల విషయంలో జరుగుతుంది. ఆఖరి బెంచీలో కిటికీలోంచి బయటికి చూస్తూ ఎవరికీ ఇబ్బంది కలిగించని పిల్లని ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళరు. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం లెక్కపెట్టిన 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ పేరు లేదు. ప్రభుత్వ బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో మాత్రం ఉంది. అక్కణ్ణుంచి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపించమని అడిగే హక్కు తల్లిదండ్రులకి ఉంది. టెలీ మానస్ 14416 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరగా, తల్లిదండ్రులకి ఇచ్చే ఆ శిక్షణల్లో మొదటి పాఠం ఏమిటో చూడండి. ఆరెగన్‌లోనే కాన్‌స్టెన్స్ హాన్ఫ్ 1960ల చివర్లో వేసిన నమూనా మీద తర్వాత అనేక పద్ధతులు లేచాయి. ఆ నమూనాలో క్రమశిక్షణ రెండో మెట్టు. మొదటి మెట్టు ఆట. షీలా ఐబర్గ్ రూపొందించిన పద్ధతిలో ఇంటి దగ్గర చేయమని పెద్దలకి ఇచ్చే హోంవర్కు రోజుకి అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలూ ఫోన్ పక్కన పెట్టి పిల్లవాడి పక్కన కింద కూర్చోవాలి. ఆట వాడిది, నియమాలు వాడివి. ఆజ్ఞ ఇవ్వకూడదు, ప్రశ్న వేయకూడదు, తప్పు పట్టకూడదు. వాడు చేస్తున్నది చూసి, చూస్తున్నానని తెలిసేలా మాట్లాడాలి. హోంవర్కు చేయలేదనో మార్కులు రాలేదనో ఆ రోజు ఆ అయిదు నిమిషాలు ఆపేయకండి, పాడైన రోజునే అవి ఎక్కువ కావాలి. కుక్కర్ మూడో విజిల్ వేసేలోపు ఈ పని అయిపోతుంది.